కోడిగంప క్రింది స్త్రీధనము

న్యూజెర్సీ రాష్ట్రమున హంటర్‌డన్ కౌంటీ యను ప్రాంతము, న్యూయార్కు మహానగరమునకు కారులో గంటన్నర దూరముననే యుండియు, ఆ నగరపు సందడి నెఱుగనిదై, పచ్చికబీళ్లతోను పాతకాలపు ఎఱ్ఱని కొట్టములతోను నిండి, డెలవేర్ నది యొడ్డువఱకు వ్యాపించియున్నది. ఇచ్చట నాకు ఐదెకరములకు కొంచెము మించిన భూమియు, అందొక కోళ్లగూడును గలవు. పగలెల్ల కంప్యూటరు ముందు కూర్చుండి జీవిక గడించుచు, ఉదయసాయంకాలములందు కోళ్ల నడుమ తిరుగాడు మావంటివారి సేద్యమును ఇచ్చటివారు హాబీ ఫార్మ్ అందురు. నష్టము వచ్చినను కడుపు మాడని సేద్యమన్నమాట. వానకై ఆకసము చూచుచు చెనిక్కాయ విత్తిన చిత్తూరు జిల్లా రైతుల యింట పుట్టిన నాకు, ఇట్టి సేద్యమొకటి లోకమున గలదని తెలియుటకు నడివయస్సు రావలసివచ్చినది. న్యూజెర్సీలో నుంటినని విన్న మా ఊరి పెద్దలు మాత్రము నేటికిని, "జెర్సీలోనే ఉండావు గదా, ఆవులు యాడన్నా పూటకు ఎన్ని లీటర్లిస్తాయి?" అనియే యడుగుదురు. వారి పాడి యంతయు ఆ పేరుగల యావుల మీదనే నడచుచున్నది. ఆ యావుల జన్మస్థానము ఇంగ్లీషు కాలువలోని వేఱొక దీవి యని చెప్పి వారి యుత్సాహమును భంగపఱుచుట నాకిష్టము లేదు.

మా కోడిపిల్లలు టపాలో వచ్చును. గుడ్డు పగులుటకు ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను తన పొట్టలోనికి లాగుకొనుటచే, పుట్టినపిదప ఇంచుమించు మూడు దినములవఱకు దానికి మేతయు నీరును లేకున్నను ప్రాణభయము లేదు. ఈ ప్రకృతిధర్మము నాధారముగా గొని, 1892లో మా కౌంటీలోనిదే యగు స్టాక్‌టన్ గ్రామమునుండి జోసెఫ్ విల్సన్ అను నాతడు ఒక దినపు పిల్లలను దూరప్రాంతమునకు పంపి, ఒక క్రొత్త వ్యాపారమునకు దారితీసెను. 1918లో అమెరికా తపాలాశాఖ అట్టి పెట్టెలను మోయుట కంగీకరించెను. నేటికిని ఆ యాచారము నడచుచున్నది. తెల్లవాఱకమునుపే పోస్టాఫీసునుండి ఫోను వచ్చును. ఆ గుమాస్తా పలుకులకంటె ముందు ఆతని వెనుకనుండి కిచకిచధ్వనియే చెవిని బడును. గాలిరంధ్రములుగల అట్టపెట్టెను ఇంటికి దెచ్చి, ఒక్కొక్క పిల్లను అఱచేత బట్టి, దాని ముక్కును గోరువెచ్చని నీటిలో నొక్కసారి ముంచవలెను. అది తల పైకెత్తి, కన్నులు మూసి, గొంతు కదల్చి ఆ నీటిబొట్టును మ్రింగుట చూచిన గాని తరువాతి పిల్లను తీయరాదు. పిమ్మట వానిని ఎఱ్ఱదీపము క్రింద వదలి, మొదటివారము తొంబదియైదు ఫారన్‌హీటు డిగ్రీల వేడిమి నుంచి, వారమున కైదు డిగ్రీల చొప్పున తగ్గించుచు రావలెను. వేడి చాలనిచో పిల్లలన్నియు దీపము క్రింద కుప్పగా మూగును. మిక్కిలియైనచో గోడల కంటుకొని రొప్పును. ఉష్ణమాపకముకంటె ఇదియే నమ్మదగిన సాక్ష్యము.

మా అవ్వకు దీపమును లేదు, ఉష్ణమాపకమును లేదు. తిరుపతినుండి భాకరాపేట కనుమ దాటి పీలేరు పోవు దారికి ఎడముగా నున్న మా ఊరిలో, అవ్వ వాకిట ఎన్నడును పదిపండ్రెండు కోళ్లకు తక్కువ లేకుండెడివి. పెట్ట యొకటి గ్రుడ్లు పెట్టుట మాని, ఈకలు విప్పుకొని, దగ్గఱకు పోయిన వారినెల్ల కొరకొర చూచుచు మూలకు చేరినదనగా, అవ్వ పాతగంప యొకటి తీసి, బూడిదయు వరిగడ్డియు పఱచి, రాగులకుండలో దాచిన గ్రుడ్లను బేసిసంఖ్యగా ఎంచి అందమర్చి, ఉఱుముల కవి చెడకుండుటకై ఒక ఇనుపమేకును బొగ్గుముక్కను ప్రక్కన నుంచెడిది. వారము గడచినపిదప ప్రొద్దుటియెండకు ఎదురుగా నిలిచి, పిడికిలి గొట్టముగా చుట్టి, అందు గ్రుడ్డు నుంచి చూచి, నరములు కానరాని గ్రుడ్లను వేఱుచేసెడిది. పిల్లలు వెలువడుటకు రెండుమూడు దినములు ముందు గోరువెచ్చని నీటిలో గ్రుడ్లను వదలి మమ్ము పిలిచెడిది. ప్రాణమున్న గ్రుడ్డు నీటిపై తనంతట తానే ఉలికి కదలును. చచ్చినది ఊరక తేలుచుండును. "చూడండ్రా పిలకాయలూ, లోపల కాలు దన్నుతా ఉంది" అనెడిది. ఇన్ని యేండ్ల పిమ్మట ఇచ్చటి పుస్తకములందు గ్రుడ్డును దీపమునకు చూపి పరీక్షించు విధానమును చదివినపుడు అందు నాకు క్రొత్తగా నేర్వవలసిన దేమియు కానరాలేదు.

అవ్వకు ఆ కోళ్లు వినోదము కావు. తాత కొలిచిన వడ్లు తాతవి, అమ్మిన చెనిక్కాయల డబ్బు తాతది, పాల డబ్బు సైతము తాత చేతికే వచ్చెడిది. కోళ్లు మాత్రము అవ్వవి. మనువు మొదలుగాగల ధర్మశాస్త్రకారులు స్త్రీధనమునకు పెక్కు లక్షణములు చెప్పిరి గాని, పెండ్లినాటి సొమ్ములనైనను కఱవుకాలమున తాకట్టు పెట్టింపగలిగిన మగవారు, కోళ్ల డబ్బు జోలికి పోయినట్లు మా యింట నేనెఱుగను. అమ్మ పురిటికి, మా పలకలకు, జ్వరము వచ్చిన పిల్లకు మాత్రలకు, తిరుపతి బస్సు చార్జీకి, గాజులమ్మికి ఆ డబ్బే ఆధారము. తాతకు ఎప్పుడైన చేతిలో లేకపోయినచో అవ్వను అప్పడిగెడివాడు. అవ్వ ఇచ్చెడిది, పంట వచ్చినవెంటనే మఱవక వసూలు చేసెడిది. అంతియే గాదు, వీథిచివరనున్న ఒక పేదరాలికి పెట్టపిల్ల నిచ్చి, దాని సంతానములో సగము తనకును సగము ఆమెకును చెందునట్లు ఒప్పందము చేసికొనెడిది. ఏ బ్యాంకు కాగితమును లేని యా ఒడంబడికతో మొదలైన యా పేదరాలి కోళ్లు, కొన్నాళ్లకు అవ్వ కోళ్లకంటె ఎక్కువయ్యెను. అందుల కవ్వ సంతోషించినదో లేదో చెప్పలేను.

దేవతతో నావిడ వ్యవహారము సైతము కోళ్ల ద్వారముననే జరిగెడిది. వేసవిలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చును. మగవారు బైరాగివేషము, బండవేషము, తోటివేషము మొదలగు వేషములు దాల్చి, చీరలు గట్టి, పాలెగాని మదమణచిన అమ్మవారిని సేవింతురు. గంగమ్మ వేంకటేశ్వరునికి చెల్లెలగుటచే కొండమీదినుండి పుట్టింటి సారెయు వచ్చును. కొండపైన మాంసమను మాటయే నిషిద్ధము; క్రింద చెల్లెలి వాకిట వేలకొలది కోళ్లు మ్రొక్కుబడి చెల్లును. ఈ రెండును ఒకే ఊర ఒకే కుటుంబమునం దిముడుట మా సీమవారి కెన్నడును వింతగా తోచలేదు. మాలో నెవరికైన జ్వరము తగ్గకున్నచో అవ్వ ఒక పుంజుపిల్లను చూపి "ఇది గంగమ్మది" అనెడిది. ఆ నిర్ణయమునకు తాత యనుమతి అక్కఱ లేదు.

ఇట్టి సంపదకు శత్రువు గద్దయు గాదు, నక్కయు గాదు, కొక్కెర రోగము. ఎండకాలమున నొకనాడు కోడి మేత మాని ముడుచుకొనును, పచ్చగా పాఱుకొనును, మెడ మెలిదిరుగును. వారము లోపల ఊరి కోళ్లగంపలన్నియు బోర్లించినవి బోర్లించినట్లే ఖాళీగా మిగులును. ఈ రోగమును ఇంగ్లండున న్యూకాజిల్ పట్టణమున 1926లో గుర్తించిరి. తరువాత కుమావూ కొండలలోని రాణిఖేత్‌లో కనబడుటచే మన దేశమున దాని కా పేరు స్థిరపడినది. దీనికి మా జిల్లా పశువైద్యశాలలలో నేటికిని వాడు లసోటా అను మందునకు మూలమైన వైరసు, న్యూజెర్సీలోని యొక రైతు కోళ్లనుండి గ్రహింపబడినది. ఆ యింటి పేరే దానికి నిలిచినది. నేనీ రాష్ట్రమునకు వచ్చుటకు ఎన్నియో యేండ్లు ముందే ఈ రాష్ట్రము మా అవ్వ వాకిటికి వచ్చి చేరియుండవలసినది. కాని చేరలేదు. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955లోనే వెలసినది, 2005లో అది శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకు నెలవైనది. విద్యకు కొఱత లేదు. కొఱత సీసాలో నున్నది. ఒక్కొక్క సీసాలో నూఱు కోళ్లకో అంతకు మించియో మందుండును, దానిని మంచుగడ్డలో నుంచి తేవలెను, కలిపిన కొన్ని గంటలలో వాడివేయవలెను. పది కోళ్లుగల ముసలమ్మకొఱకు ఎవ్వరును ఆ సీసా మూత తీయరు.

గ్రుడ్డు యాజమాన్యము చేతులు మాఱిన కథ అటుపిమ్మటిది. 1971లో బి.వి.రావుగారు హైదరాబాదున మా స్వామిపేరనే వేంకటేశ్వర హేచరీస్ స్థాపించి, 1982లో గ్రుడ్ల రైతుల నొక సమన్వయసంఘముగా కూర్చి, దేశమునకు చవుకగా గ్రుడ్డు నందించిరి. పిల్లలకంచములలో గ్రుడ్డు పడుటకు ఆయన చేసిన మేలు నేను కాదనను. నేడు ఆ సంఘము ప్రకటించు దినదినపు ధరలపట్టికలో చిత్తూరు పేరొకటి గలదు. అయినను ఏటికి ఏబదియో అఱువదియో గ్రుడ్లు పెట్టు మా పెట్ట, మున్నూఱు పెట్టు పంజరపుకోడి ముందు సంతలో నిలువలేకపోయినది. పెరటికోడిని నిలబెట్టవలెనని హైదరాబాదు రాజేంద్రనగరున 1988లో నేర్పడిన కుక్కుట పరిశోధనసంస్థ వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి అను మేలుజాతులను సృష్టించెను. అవి మంచి పక్షులే, కాని పొదుగవు. పొదుగని కోడిగల యిల్లాలు ప్రతిసారియు పిల్లలకొఱకు మఱియొకరి వాకిట నిలువవలెను. గ్రుడ్లు పెరిగినవని సంతోషించిన పండితులు ఈ సంగతిని స్వల్పముగా నెంచిరని నా యభిప్రాయము.

ఇచ్చటి కోళ్లను మేము సీమకోళ్లని కొంత చులకనగా పిలుచు వాడుక గలదు. నా గూటిలో జెర్సీ జెయింట్ అను జాతి గలదు. నల్లగా, కుదురుగా, పుంజు ఆఱు కిలోల వఱకు తూగునట్టిది. కాళ్లు నల్లనివైనను అఱికాలు మాత్రము పచ్చనిది. ఈ పసుపు ఎచ్చటినుండి వచ్చెనని పరిశీలించి, 2008లో స్వీడన్ దేశపు ఉప్సాలా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, అది ఎఱ్ఱ అడవికోడినుండి గాక, దక్షిణభారతపు బూడిదరంగు అడవికోడినుండి సంక్రమించిన లక్షణమని తేల్చిరి. అనగా తలకోన పొదలలో మేకలకాపరులను ఉలికిపఱచు పక్షి బంధువే నా పెరటిలో మక్కజొన్న ఏరుకొనుచున్నది.

2025 తొలినాళ్లలో ఇచ్చటను అచ్చటను ఒక్కటే భయము వ్యాపించినది. అమెరికాలో పక్షిజ్వరముచే కోట్లకొలది పెట్టలను చంపవలసివచ్చి మార్చిలో డజను గ్రుడ్ల సగటు ధర ఆఱు డాలర్లు దాటినది. అదే ఋతువున గోదావరి జిల్లాల ఫారములలో నదే వ్యాధి కానవచ్చినది. నాకు తెలిసిన తెలుగువారు పెక్కురు ఆదివారములందు గ్రుడ్లకై మా యింటికి రాసాగిరి. అప్పుడే అమ్మ తిరుపతినుండి మాతో కొన్నాళ్లుండుటకు వచ్చినది. గూటిచుట్టు రెండుమార్లు ప్రదక్షిణము చేసి, రాకూను జంతువు చొరకుండ వేసిన ఇనుపవలను, తానే తెఱచుకొని మూసికొను తలుపును చూచి, "గుడ్డు ఎంత పడిందిరా నీకు?" అని యడిగినది. మేత, వల, కఱ్ఱ, కరెంటు కలిపి నేను చెప్పిన యంకె విని మాటాడక, మఱునాటినుండి అమ్మకము తన చేతికి తీసికొన్నది. నేను వాకిట డబ్బుపెట్టె నుంచి ఎవరికి తోచినది వారు వేసిపోవునట్లు చేసిన యేర్పాటును మొదటనే రద్దుచేసినది. వచ్చిన వారిని కూర్చుండబెట్టి, వారి ఊరు పేరు అడిగి, పెద్దగ్రుడ్డునకొక ధర, చిన్నదానికొక ధర నిర్ణయించి, గర్భిణులకు రెండు కొసరు వేసి, డబ్బు బిస్కత్తుల డబ్బాలో దాచెడిది.

ఈ రాష్ట్రమున 1964నాటి చట్టమొకటి గలదు. ఐదెకరములకు తక్కువ గాని నేలను సాగుచేసి, మొదటి యైదెకరములపై ఏటికి వేయిడాలర్ల సరకైన అమ్మినట్లు చూపినవారికి భూమిపన్ను మిక్కిలి తగ్గును. దరఖాస్తు నింపు వేళకు నేను లెక్క కాగితము తీసికొని పోయి, కోళ్లపై ఎంత వచ్చినదని అమ్మ నడిగితిని.

"కోళ్ల డబ్బులకు లెక్కేంది నాయనా? అవి ఆడోళ్లవి. సర్కారుకు చూపించే దుడ్డు యాడన్నా వేరే చూసుకోపో" అన్నది.

నా భార్య ప్రక్కగదిలో నవ్వుట వినబడినది. ఆ యేడు ఎండుగడ్డి అమ్మిన రసీదులను జతపఱచి పన్ను లెక్క సరిపుచ్చుకొంటిని. డబ్బాలో నెంత చేరినదో తిరిగి పోవునపుడు అమ్మ కోడలికి చెప్పినది గాని నాకు చెప్పలేదు.