రొంటిన దాచిన నోటు

పాత నోట్ల సేకర్తలకి మడత పడని నోటంటేనే మక్కువ. మడత కనిపిస్తే ధర దిగిపోతుంది. 1918 నుంచి నిజాం ప్రభుత్వం అచ్చేసిన హాలీ సిక్కా నోట్లకీ ఇదే కొలత. (వాటిమీద ఉర్దూతో పాటు తెలుగూ ఉండేది.) ఖమ్మం వైపు అవి చెల్లేవి, గోదావరి అవతల, తెల్లదొరల ఏలుబడిలోని భద్రాచలంలో కల్దారు రూపాయి. దాదాపు 7 సిక్కాలకి 6 కల్దార్లు. సంతకెళ్ళే ఆడవాళ్ళకి ఈ లెక్క ఏ బడి నేర్పింది?

మా అమ్మమ్మ పది రూపాయల సిక్కా నోటుకి ఎన్ని మడతలో! రొంటిన దోపుకున్న డబ్బు నలగకుండా ఎలా ఉంటుంది? సాహిత్యం చదువుకున్న నాకు ఆ మడతలే చదవాలనిపిస్తాయి.

1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. హాలీ సిక్కా చెల్లుబాటు ఆగిందీ ఆ ఏడే. మార్చుకోవాలంటే నోటు తాతయ్యకి చూపించాలి. అమ్మమ్మ చూపించలేదు.