రొయ్యలకైనా, రోగికైనా నిదానమే మేలు

మంచినీటి రొయ్యలను పెంచుకునే మిత్రులారా, వాటిని ఒక అద్దాల తొట్టి నుండి మరొక తొట్టికి మార్చేటప్పుడు వలతో పట్టి నేరుగా వేయకండి. కంటికి ఒకేలా కనిపించినా నీటికీ నీటికీ తేడా ఉంటుంది. మా నర్సింహులపేటలో బోరు నీరు వేరు, క్లోరిన్ కలిపిన మిషన్ భగీరథ నీరు వేరు. లవణాల గాఢత ఒక్కసారిగా మారితే రొయ్యలు తట్టుకోలేవు. అందుకే మా మనవడు వాటిని పాత నీటితో సహా గిన్నెలోకి తీసి, క్లోరిన్ పోయిన కొత్త తొట్టి నీటిని సన్నని గొట్టంతో గంటకు పైగా చుక్కచుక్కగా కలుపుతాడు.

చూస్తుంటే నాకు వార్డులోని సెలైన్ సీసా గుర్తుకు వస్తుంది. రక్తంలో సోడియం లీటరుకు కనీసం 135 మిల్లీమోల్‌లు ఉండాలి. అది కొద్దిరోజులుగా తగ్గుతూ 110కి పడిపోయిన రోగికి 24 గంటల్లో 8 నుండి 10కి మించి పెంచరాదు. తొందరపడితే మెదడులోని నాడీతంతువుల పొర దెబ్బతిని, కాళ్లూ చేతులూ, మాటా పడిపోవచ్చు. "ఇంకో సీసా ఎక్కించండి సారూ" అని బంధువులు ఆరాటపడేవారు. ఆ నిదానమే చికిత్స అని నచ్చజెప్పేవాడిని.

మరొక జాగ్రత్త. గొట్టాన్ని నోటితో పీల్చకండి. గాయమున్న చేతిని తొట్టిలో పెట్టకండి. మైకోబ్యాక్టీరియం మెరైనమ్ అనే సూక్ష్మజీవి సోకితే పుండు వారాల తరబడి మానదు. అటువంటి పుండు కనిపిస్తే డాక్టరుకు తొట్టి సంగతి తప్పక చెప్పండి.