బాస్‌ను మింగింది జంపఖానా కాదు

హనుమకొండ



పోయిన నెల నుంచి మీ ఉత్తరాల్లో ఒకే ప్రశ్న తిరిగి తిరిగి వస్తోంది. "హాల్లో కార్పెట్ వేసినప్పటి నుంచి సబ్‌వూఫర్‌లో దమ్ము లేదు, ఏం చేయాలి?" అని. ఇంకా పెద్ద వాట్ల పెట్టె కొనడానికి డబ్బు కూడా పక్కన పెట్టుకున్నామని ఇద్దరు ముగ్గురు రాశారు. ఆ డబ్బు ఇంకొన్నాళ్లు అక్కడే ఉండనివ్వండి. ఇదే కష్టం మా ఇంట్లోనూ వచ్చింది, తీరింది. పైసా ఖర్చు కాలేదు.

మా ముందు గది 14 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు. ఇటుక గోడలు, పైన స్లాబు, కింద షాబాద్ బండలు. దసరాకు వరంగల్ కొత్తవాడ వెళ్లి ఒక జంపఖానా తెచ్చుకున్నాం. మన వరంగల్ తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వెళ్లొచ్చాయి. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా నేసేది నూలు జంపఖానాలే, వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మగ్గం మీద నేసే మనిషిని ఒక పూట దగ్గర కూర్చుని చూస్తే, ఆ జంపఖానా మీద కాలు పెట్టడానికే మనసొప్పదు. అందుకే దాని మీద నింద పడితే నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

పరిచిన రోజు సాయంత్రం 'గీతాంజలి' సినిమా పాటలు పెట్టాను. 1989 నుంచి వింటున్నాను. ఇళయరాజా బాస్ గిటార్‌ను ఎక్కడ కిందికి దింపుతారో, ఎక్కడ పైకి తెస్తారో నాకు కంఠతా వచ్చు. ఆ రోజు దిగాల్సిన చోట ఖాళీ. ఉన్న స్వరం ఎవరో చేత్తో తుడిచేసినట్టు లేకుండా పోయింది. జంపఖానా చుట్టేసి మళ్లీ విన్నాను. అయినా రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది: దాన్ని పరచడానికి ఆ పొద్దున సామానంతా జరిపాం. అంచుల పనితనం కనపడాలని వెనక గోడకు ఆనుకుని ఉండే దివాన్‌ను గది నడిమధ్యకు లాగాం. మూలన ఉన్న సబ్‌వూఫర్‌ను టీవీ కిందికి, గోడ మధ్యకు తెచ్చాం. మీరూ ఒకసారి గుర్తు చేసుకోండి. కార్పెట్ వేసిన రోజు మీ ఇంట్లో ఏమేం జరిపారు?

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, ఓపిక పట్టండి. మన ఊరి వేడికి గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. బాస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగను ఎక్కడా నొక్కకుండా మీటితే సెకనుకు 41 సార్లు (41 హెర్ట్జ్) కంపిస్తుంది. అంటే ఆ శబ్ద తరంగం పొడవు సుమారు ఎనిమిదిన్నర మీటర్లు, మన కొలతలో 28 అడుగులు. అంత పెద్ద అలను బాగా పీల్చుకోవాలంటే దూది లాంటి మెత్తటి పదార్థం అందులో నాలుగో వంతు మందం ఉండాలి. ఏడడుగులు! మన జంపఖానా అర అంగుళం కూడా ఉండదు. అది పీల్చుకునేది పై స్థాయి శబ్దాలను, అంటే తాళాల గలగలను, చప్పట్లను, మాటలోని 'స', 'ష'లను. ఖాళీ గదిలో ఒకసారి, కార్పెట్ వేశాక ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి, మీకే తెలుస్తుంది. ఆ లెక్కన కార్పెట్ వేసిన గదిలో బాస్ ఇంకాస్త ఎక్కువగా వినపడాలి. తగ్గదు.

మరి నాకు వినపడని ఆ స్వరం ఎటు పోయింది? మా గది పొడవు 14 అడుగులు, ఆ అల పొడవులో సరిగ్గా సగం. అలాంటప్పుడు అల ఎదురెదురు గోడల మధ్య కొట్టుకుని నిలబడిపోతుంది. గోడల దగ్గర దాని ఒత్తిడి బలంగా ఉంటుంది, సరిగ్గా నడుమ దాదాపు సున్నా. మా దివాన్ ఆ సున్నా మీదే వేశాం! అక్కడ కూర్చుని ఎన్ని వాట్లు పెంచినా ఆ స్వరం రాదు, పక్క గదిలో మాత్రం గ్లాసులు అదురుతాయి. మా గది వెడల్పుకు ఈ గండం 48 హెర్ట్జ్ దగ్గర, ఎత్తుకు 57 హెర్ట్జ్ దగ్గర ఉంది. మీ గదికి కావాలంటే 574ను (అడుగుల్లో శబ్ద వేగంలో సగం) అడుగుల కొలతతో భాగించండి, చాలు.

అమెరికాలో చెక్కతో, జిప్సం పలకలతో కట్టిన ఇళ్లలో బాస్ చాలా వరకు గోడల గుండా బయటికి పోతుందని మనవాళ్లు అంటుంటారు. అది నిజమే. మన ఇటుక గోడలు దాన్ని పోనివ్వవు, తిప్పి కొడతాయి. అందుకే మన ఇళ్లలో ఒక చోట చెవులు మోగిపోతే రెండడుగుల అవతల ఏమీ ఉండదు. బాస్ కొరత కాదిది, పంపకంలో తేడా.

నేను చేసింది దివాన్‌ను రెండున్నర అడుగులు వెనక్కి జరపడం. వెనక గోడకు నాలుగున్నర అడుగుల దూరం వచ్చింది. పాట మళ్లీ పెట్టగానే ఆ స్వరం తిరిగొచ్చింది. నాకు కళ్లు చెమర్చాయని చెప్పడానికి సిగ్గుపడను.

తర్వాత పెట్టె సంగతి. ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్లినవాళ్లు ఇది విని ఉంటారు. ఒగ్గువాళ్ల డోలు ఆరుబయట మోగితే ఒక రకం. అదే డోలు మండపంలో గోడ పక్కన మోగితే గుండెకు తగులుతుంది. డోలు అదే, చేయీ అదే. గోడలు తోడైతే శబ్దం నలుదిక్కులకూ చెదరకుండా మన వైపే వస్తుంది. సబ్‌వూఫర్‌ను గోడ మధ్య నుంచి మూలకు జరిపితే 3 నుంచి 6 డెసిబెల్స్ దాకా కలిసొస్తుంది. అదే లాభం వాట్లతో తేవాలంటే రెండింతలో నాలుగింతలో పెద్ద యాంప్లిఫయర్ కావాలి. అయితే మూల ఒక్కోసారి ఒకే స్వరాన్ని బుంయ్‌మని సాగదీస్తుంది. అప్పుడు ఒక అడుగు ఇవతలికి లాగండి. వెనక గాలి రంధ్రం ఉన్న పెట్టె అయితే ఎటూ ఒక జానెడు ఎడం ఉంచాలి.

మీ గదిలో సరైన చోటు ఏదో కనుక్కోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. సబ్‌వూఫర్‌ను తీసుకెళ్లి మీరు కూర్చునే చోట, దివాన్ మీదే పెట్టండి. బాస్ గిటార్ మెట్టు మెట్టుగా నడిచే పాట వేయండి. మీరు మోకాళ్ల మీద గోడల వెంట పాకుతూ వినండి. ఎక్కడ అన్ని స్వరాలూ సమానంగా, నిండుగా వినపడతాయో అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. పెట్టెను అక్కడ పెట్టి, మీరు దివాన్ మీద కూర్చుంటే అదే వినికిడి. మోగే చోటూ వినే చోటూ తారుమారు చేసినా వచ్చే బలం మారదు, శబ్దం గుణం అది. ఇంట్లో పిల్లలుంటే వాళ్లనూ పాకమనండి, వాళ్ల చెవులు మనకంటే చురుకు.

కార్పెట్ వల్ల వచ్చే అసలు ఇబ్బంది ఒకటుంది. ఒత్తుగా కుచ్చు ఉన్న తివాచీ మీద పెట్టె కాళ్లు కూరుకుపోయి అటూ ఇటూ ఊగుతుంది. స్పీకరు కింది వైపుకు ఉన్న రకమైతే దానికీ నేలకూ మధ్య ఎడం కుచ్చుతో నిండిపోతుంది. అప్పుడు ఒకటిన్నర అడుగుల షాబాద్ బండ ముక్క కింద వేసి దాని మీద పెట్టెను నిలపండి. బండ కొత్తగా బాస్ పుట్టించదు, పెట్టెకు నిలకడ ఇస్తుంది, స్పీకరుకు ఊపిరాడనిస్తుంది. సూది మొనల కాళ్లు కూడా అమ్ముతారు. చేత్తో నేసిన జంపఖానాకు మాత్రం దయచేసి అవి గుచ్చకండి.

పెట్టెను నిలిపాక ఇక మీటల సంగతి. పెట్టె మిగతా స్పీకర్లతో కలిసి మోగేలా చూసే ఫేజ్ మీట దాని వెనక ఉంటుంది, 0, 180 అని. ఒకరు దివాన్ మీద కూర్చోవాలి, ఇంకొకరు మీట మార్చాలి. ఏది నిండుగా ఉంటే అదే ఉంచండి. రిసీవర్‌లో స్పీకర్లను 'స్మాల్' అని పెట్టి క్రాసోవర్‌ను, అంటే పెట్టెకూ స్పీకర్లకూ స్వరాలు పంచే హద్దును, 80 హెర్ట్జ్ దగ్గర ఉంచితే చాలామంది ఇళ్లలో సరిపోతుంది.

ఒక మాట పక్కింటివాళ్ల గురించి. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 డెసిబెల్స్ మించకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ కొలత మన చెవి తీరును బట్టి కింది స్వరాలను బాగా తగ్గించి లెక్క కడుతుంది. మీటర్ తక్కువే చూపిస్తుంది, కానీ గోడ అవతల మంచం మీద పడుకున్న పెద్దమ్మకు ప్రతి దెబ్బా తెలుస్తుంది. తక్కువ శబ్దంలో మన చెవికి బాస్ మరీ పలచగా వినపడటం సహజం కనుక, రాత్రి పూట దాన్ని పెంచాలనిపిస్తుంది. పెంచకండి, ఆ పాట పొద్దున వినండి.

ఈసారి రాసేటప్పుడు గది పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో రాయండి. మీరు కూర్చునే చోటు వెనక గోడకు ఎంత దూరమో మరిచిపోకండి. అది లేక గత నెల నాలుగు ఉత్తరాలకు జవాబు ఇవ్వలేకపోయాను.

మీ
ఉత్తరాల మిత్రుడు