ఎలుక తోక - మన ఉప్పు జాడీ

"డాక్టరుగారూ, ఫలానా ఆకు రసంతో ఎలుకలకు బి.పి. తగ్గిందని పేపర్లో వేశారు. మాత్రలు మానేసి అది తాగితే పోలా?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. నెల్లూరు సముద్రతీరంలో సర్కారు వైద్యుడిగా ఉన్న నేను ఆ ఎలుకల సంగతి కాస్త చెబుతాను.

ఎలుకకు సాధారణంగా రక్తపోటు రాదు. పరిశోధకులే తెప్పిస్తారు. ఒక మూత్రపిండం తీసివేసి, డోకా అనే హార్మోను ఇచ్చి, తాగే నీటిలో నూటికి ఒక వంతు ఉప్పు కలిపితే కొన్ని వారాల్లో పోటు పెరుగుతుంది. 1963లో జపానులో ఒకామోటో, అవోకి అనే శాస్త్రజ్ఞులు, వయసుతోపాటు దానంతటదే రక్తపోటు పెరిగే ఎలుకల వంశాన్ని వెలువరించారు. మనకు చేతికి పట్టీ చుట్టినట్టే, ఎలుకకు తోకకు చుట్టి కొలుస్తారు. మందు ఇచ్చినవాటిని, ఇవ్వనివాటితో పోలుస్తారు.

అమెరికాలో లూయిస్ డాల్ మరో చిత్రం చూపాడు. ఒకే ఉప్పు మేత పెట్టినా కొన్ని ఎలుకలకు పోటు విపరీతంగా పెరిగింది, కొన్నిటికి పెరగలేదు. వాటిని ఏరి, 1962 నాటికి రెండు వేరు వంశాలు చేశాడు. "మా నాయన రోజూ ఎండుచేప, ఊరగాయ తిని ఎనభై ఏళ్లు బతికాడు" అనేవారికి నా జవాబు అదే. మీ నాయనది ఏ వంశమో, మీది ఏ వంశమో ఎవరు చెప్పగలరు?

ఆకును నేను చులకన చెయ్యను. మన సర్పగంధి రోగుల్లో రక్తపోటు తగ్గించిందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ప్రకటించారు. 1952లో దాని నుంచి రిసర్పిన్ వేరుచేశారు. అయితే కొందరిలో దిగులు వంటి బాధలు కనిపించాయి. ఆ దిగులు ఎలుక నోరు విప్పి చెప్పదు గదా! ఎలుక మొదటి మెట్టు మాత్రమే. మోతాదు, చెడుగుణాలు మనుషుల్లో తేలాలి.

మా తీరంలో వేటకు వెళ్లే ఒకతను ఆకు రసం నమ్మి మాత్రలు ఆపేశాడు. మూడో నెలలో పక్షవాతం వచ్చింది. మనిషి దక్కాడు గాని, ఆ కుడిచెయ్యి మళ్లీ వల లాగలేదు.

కనుక పాఠకులకు నా మనవి. బాగానే ఉంది కదా అని మాత్ర మానకండి. బాగుండటం ఆ మాత్ర వల్లనే కావచ్చు. ఆకు రసం వాడదలిస్తే ముందు మీ డాక్టరుకు చెప్పండి. రోజు మొత్తానికి ఉప్పు ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు. పచ్చడి, అప్పడం, ఎండుచేప కూడా ఆ లెక్కలోవే. ముప్పై దాటినవారు ఏ నొప్పీ లేకపోయినా బి.పి. చూపించుకోండి. 140/90 ఉంటే, లేదా దాటితే, మరో రోజు మళ్లీ కొలిపించుకొని వైద్యుని సలహా తీసుకోండి.