దొరకలేదంటే లేదని కాదు

పైథాన్ నేర్చుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. మేం వారాల తరబడి పడిన అవస్థ మీరు పడకూడదని రాస్తున్నాం.

మేం నలుగురం. ఇద్దరిది మెళియాపుట్టి వైపు, ఇద్దరిది సీతంపేట వైపు. కోటబొమ్మాళిలో ఒకే గది, నలుగురికీ కలిపి ఒకటే లాప్‌టాప్. ఇంటి దగ్గర చిన్నపిల్లలు మన మాటలు మర్చిపోతున్నారని సవర–తెలుగు మాటల ఆట ఒకటి తయారు చేద్దామనుకున్నాం. 'గూడ' అని ఒక ఫోల్డరు పెట్టి, అందులో 'పదాలు', 'ఆట' అని రెండు ఫైళ్లు రాశాం. ఆట ఫైల్లో 'గూడ నుంచి పదాలు ఇంపోర్ట్' అని పెట్టాం. ఆ ఫోల్డర్లోకే వెళ్లి రన్ చేస్తే, గూడ అనే మాడ్యూలే లేదంది.

కళ్లెదురుగా ఉన్నదాన్ని లేదంటుందేటి? పేరు మార్చాం. పైథాన్ తీసేసి మళ్లీ ఎక్కించాం. శిక్షణలో ఒకాయన "ఇవి మీకు ఎక్కవు, వేరే కోర్సు చూసుకోండి" అన్నాడు. మాలో ఒకడు అది నిజమేననుకొని బ్యాగు కూడా సర్దేసుకున్నాడు.

అసలు సంగతి ఇది. ఇంపోర్ట్ అనగానే పైథాన్ కంప్యూటరంతా వెతకదు. ఆ పేరు ఇప్పటికే లోడై ఉందా అని ముందు సిస్.మాడ్యూల్స్‌లో చూస్తుంది. లేకపోతే తనలోనే కలిసి ఉన్నవాటిని చూస్తుంది. ఆ తర్వాత సిస్.పాత్ అనే జాబితాలో ఉన్న చోట్లు వరసగా వెతుకుతుంది. జాబితాలో మొదటిది మనం రన్ చేసిన ఫైలు ఉన్న ఫోల్డరు. తర్వాత పైథాన్ సొంత లైబ్రరీ, పిప్‌తో ఎక్కించినవి. ముందు దొరికిందే తీసుకుంటుంది. అందుకే మీ ఫైలుకి 'రాండమ్' అని పేరు పెట్టకండి, అసలు రాండమ్ దాని వెనక పడిపోతుంది.

మేం గూడలో ఉన్న ఆటను నేరుగా రన్ చేశాం కాబట్టి జాబితాలో మొదటి చోటు గూడ లోపలే అయింది. గూడలో నిలబడి గూడ ఎక్కడని వెతికితే ఇళ్లే కనబడతాయి. ఒక ఫోల్డరు బయటికొచ్చి 'పైథాన్ హైఫన్ ఎం గూడ.ఆట' అని కొట్టాం, నడిచింది. ఇప్పుడు అది ముందు గూడను పట్టుకుంటుంది, ఆ తర్వాత పదాలను గూడ సొంత పాత్‌లోనే వెతుకుతుంది.

ఇంకోటి. 2022 ఏప్రిల్ 4న సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. మా ఊళ్లు అంగుళం కదల్లేదు గాని చిరునామా మారింది. "పక్క ఇల్లు" అంటే మాత్రం అప్పుడూ ఇప్పుడూ అదే. పైథాన్లో 'చుక్క నుంచి పదాలు ఇంపోర్ట్' అని రాయడం అలాంటిదే. పై ఫోల్డరు పేరు మార్చినా లోపలి దారి చెడదు. అలా రాసిన ఫైలును మాత్రం నేరుగా రన్ చేయకండి. తల్లి ప్యాకేజీ ఏదో తెలీదని ఆగిపోతుంది, బయట నుంచే పిలవాలి.

బ్యాగు సర్దుకున్నోడు మాతోనే ఉన్నాడు. పదాల ఫైలు ఇప్పుడు వాడిదే. ఎర్రక్షరాలు కనబడగానే మనకు రాదు అనుకోకండి. ముందు సిస్.పాత్ ప్రింటు చేసి అది ఎక్కడెక్కడ వెతికిందో చూడండి. దాని జాబితాలో లేదంటే అసలే లేదని కాదు. మన ఊళ్లకీ, మనకీ కూడా ఆ మాట వర్తిస్తుంది.

మీ ఇంట్లో పెద్దోళ్లనడిగి సవర మాటలు కింద రాయండి, ఆటలో చేరుస్తాం. జోహార్.