చిన్న బండి స్ప్రింగులు

ఎద్దుబండికి స్ప్రింగులు లేవు. త్రోవలోని ప్రతి రాయి తోలువాని నడుముకు తెలియును. మోటారు బండికైతే చక్రమునకు పైన స్ప్రింగును, నూనెగల షాక్ అబ్జార్బరును ఉండును. స్ప్రింగు బరువును మోయును. నూనె ఆ స్ప్రింగు ఎగురుటను అణచును. ఈ రెండును కలిసి పనిచేయనిదే బండి నేలను పట్టి నడువదు.

రేడియోతో నడుచు ఆట బండ్లలోను ఇదే ఏర్పాటు కలదు. తీగ లేకుండ దూరమునుండి చిన్న పడవను నడిపించి నికోలా టెస్లా 1898లో న్యూయార్కు ప్రజలకు చూపెను. జపాను దేశపు తమియా కంపెనీవారు ఇసుకలో పరుగెత్తు ‘శాండ్ స్కార్చర్’ అను చిన్న బండిని 1979లో తెచ్చిరి.

కాప్రాలో నా తమ్ముని కుమారునికి అట్టి బండి యొకటి కలదు. తండ్రి దానిని తన చేతులతో బిగించి యిచ్చి, కొన్ని నెలలకే ప్రభువునందు నిద్రించెను. షాక్ అబ్జార్బర్లలోని నూనె కారిపోగా, చెరువు దగ్గరి రాళ్లమీద అది మాటిమాటికి తలక్రిందులగుచుండెను. “పెదనాన్నా, నాన్న బిగించినది విప్పవద్దు” అని వాడు నన్ను బతిమాలెను. ఆ మాటను నేను త్రోసివేయలేదు. అయితే విప్పనియెడల బండి విరుగును. విరిగిన తరువాత తండ్రి గురుతేమి మిగులును?

కనుక తండ్రి అమర్చిన కొలతలన్నియు మొదట కాగితముమీద వ్రాయించితిని: నేలనుండి ఎత్తు, స్ప్రింగును నొక్కిపట్టు రింగు ఉన్న చోటు, చక్రముల వంపు. తరువాత వాడే విప్పెను. సిలికోన్ నూనె పోసి, పిస్టనును మెల్లగా పైకి క్రిందికి ఆడించి, గాలి బుడగలు పోవువరకు కాచుకొని మూత బిగించెను. తొందరపడి మూసినయెడల లోపల గాలి చిక్కును; అప్పుడు కుడియెడమలు సమముగా పనిచేయవు.

ఒకసారికి ఒక్కటే మార్చి, అదే రాతిమీద మరల నడిపి, ఫలితము వ్రాసికొనెను. నూనె మరీ చిక్కనిదైతే చక్రము గుంతలోనికి దిగక పైపైన గెంతును. మరీ పలుచనిదైతే ఎత్తునుండి పడినప్పుడు బండి అడుగు నేలకు కొట్టుకొనును. ఎండకు నూనె పలుచబడును గనుక చలికాలమున సరిపోయినది వేసవికి చాలదు.

ఎత్తును వంపును తండ్రివే ఉంచెను. నూనె మాత్రము తాను ఎంచినది. బండి ఇప్పుడు ఆ రాళ్లమీద నిలుకడగా పోవుచున్నది.

మీ ఇండ్లలోను గతించినవారి కుట్టుమిషనో గడియారమో ముట్టకుండ మూలనుంచి యుండవచ్చును. దానికి నూనె వేసి త్రిప్పుట వారిని మరచుట కాదు. మొదట వారి కొలతలు వ్రాసికొనుడి, తరువాత విప్పుడి.