ఏ సీజన్ దగ్గర ఆపాల్సింది?

‘ద వాకింగ్ డెడ్’ ఏ సీజన్ దగ్గర ఆపేసి ఉంటే బాగుండేది? మన బరంపురం తెలుగువాళ్ళలో నలుగురు కుర్రాళ్ళు కూడిన చోట ఈ మాట ఎత్తి చూడండి, టీ చల్లారిపోతుంది గానీ తగువు తెగదు. రెండో సీజన్‌లో పొలం కథ సాగదీస్తుంటేనే వదిలేశామనేవాళ్ళు కొందరు. ఏడో సీజన్ మొదటి ఎపిసోడ్ చూసి మళ్ళీ దాని జోలికి పోనివాళ్ళు చాలామంది. రిక్ వెళ్ళిపోయాక ఇంకేముందిలే అన్నవాళ్ళు మరికొందరు. 177 ఎపిసోడ్లూ చూసినవాళ్ళం ముగ్గురం మిగిలాం. మా ముగ్గురికీ కూడా పడదు.

గ్రూపులో పెద్దవాళ్ళున్నారు కాబట్టి కథ రెండు ముక్కల్లో చెప్తాం. అమెరికాలో జార్జియా రాష్ట్రం. రిక్ అనే పోలీసాయన ఆసుపత్రిలో కోమాలోంచి లేచేసరికి లోకం తల్లకిందులై ఉంటుంది. చచ్చినవాళ్ళు లేచి తిరుగుతుంటారు. మనం జాంబీ అంటాం గానీ కథలోవాళ్ళు వాకర్ అంటారు. రిక్ భార్యాబిడ్డల్ని వెతుక్కుని, మరికొందరితో కలిసి ఒక పొలం, ఒక జైలు, చుట్టూ గోడ ఉన్న ఒక కాలనీ, ఇలా చోటు మారుతూ బతుకుతాడు. 2010 అక్టోబరు 31న మొదలై 2022 నవంబరు 20న ముగిసింది. రాబర్ట్ కిర్క్‌మన్ కామిక్స్ దీనికి మూలం.

సంఘం గ్రూపులో ఈ దెయ్యాల గోల ఎందుకర్రా అని అడగబోయే మామయ్యలకు ఒక్క మాట. మీరు సర్వసభ్య సమావేశంలో గంటల తరబడి తేల్చలేనిదే ఈ కథలో మొదటి నాలుగైదు సీజన్లూ నడిచింది. ఎవరి మాట చెల్లాలి, బయటినుంచి వచ్చినవాణ్ణి రానివ్వాలా వద్దా, ఉన్నదాన్ని ఎలా పంచుకోవాలి. రెండో సీజన్ చివర రిక్ ఇక ఓట్లూ గీట్లూ లేవు, నా మాట వినేవాళ్ళే ఉండండి అని తేల్చేస్తాడు. అది చూసి మాలో ఒకడు మన పాత కార్యదర్శిగారిని తలుచుకున్నాడు. పేరు చెప్పం.

మా లెక్క ఒకటుంది. సీరియల్ పాడైందో లేదో తెలియాలంటే చూసినవాళ్ళు దేనిమీద తగువులాడుతున్నారో గమనించాలి.

2013 అక్టోబరు 12 రాత్రి మనలో ఎవరికీ మరపు రాదు. ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి వీధిలో చెట్లూ స్తంభాలూ అడ్డంగా పడి ఉన్నాయి, రేకులు ఎవరివి ఎవరి దొడ్లో పడ్డాయో తెలియదు. రోజుల తరబడి కరెంటు లేదు. మా వీధిలో ఒక ఇంట్లో బోరూ జనరేటరూ ఉండేవి. మొదటి మూడు రోజులు ఇంటికి రెండు బిందెల చొప్పున నీళ్ళు పట్టుకోనిచ్చారు. నాలుగో రోజు డీజిలు అయిపోవస్తోందని గేటు వేసేశారు. ఇంట్లో బాలింత ఉంది, మా సంగతి మేం చూసుకోవాలి కదా అన్నారు. సగం వీధి వాళ్ళు చేసింది న్యాయమేనంది. మిగతా సగం ఆ సంక్రాంతికి కూడా వాళ్ళింటి గడప తొక్కలేదు.

అదే తుఫాను మర్నాడు అమెరికాలో నాలుగో సీజన్ మొదలైందట. మాకు అది చేరింది ఎన్నో వారాల తర్వాత, విశాఖలో చదివే మా బావ తెచ్చిన హార్డ్ డిస్కులో. అందులో జైల్లో తలదాచుకున్నవాళ్ళ మధ్య జ్వరం పాకుతుంది. కంచె అవతల చచ్చినవాళ్ళు, ఇవతల దగ్గు. కరోల్ అనే ఆవిడ, ఒకప్పుడు మొగుడి చేతి దెబ్బలు తిని నోరెత్తని మనిషి, జబ్బుపడిన ఇద్దర్ని మిగతావాళ్ళకు అంటకుండా చంపి తగలబెట్టేస్తుంది. సంగతి తెలిసి రిక్ ఆమెను కారెక్కించి, తిండీ పెట్రోలూ ఇచ్చి, మళ్ళీ రావద్దని పంపేస్తాడు.

ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన తగువు చూసి తీరాలి. ఇంగ్లీషు ముక్క రాని మా పిన్ని, బొమ్మ చూసి మేం చెప్పేది విని కథ అందుకునే మనిషి, కరోల్ పక్షం. “పదిమందిని బతికించడానికి చేసిందర్రా, ఆయనకి ఆ పాటి ధైర్యం ఉందా?” అంది. మా బాబాయి రిక్ పక్షం. ఈవేళ జబ్బుందని చంపినవాళ్ళు రేపు ముసలివాడని చంపరా అన్నాడు. కాసేపటికి ఇద్దరూ కరోల్ గురించి మాట్లాడ్డం మానేసి ఆ జనరేటరు ఇంటి గురించి మాట్లాడుకుంటున్నారని మాకు అర్థమైంది. ఒక పరాయి దేశపు సీరియల్ మన వీధి తగువులోకి అలా వచ్చి కూర్చుందంటే, అది బాగా రాసిన కథే.

పొలం సీజన్ సాగతీత అన్నవాళ్ళతో కూడా మాకు పేచీ ఉంది. మొదటి సీజన్ ఆరే ఎపిసోడ్లు. ‘ద షాషాంక్ రిడెంప్షన్’ తీసిన ఫ్రాంక్ డారబాంట్ దాన్ని నిలబెట్టాడు, రెండో సీజన్ పని నడుస్తుండగానే ఆయన్ని తప్పించారు. ఆ సీజన్ నడక నెమ్మదే, ఒప్పుకుంటాం. తప్పిపోయిన సోఫియా అనే పిల్ల కోసం ఏడు ఎపిసోడ్ల పాటు వెతుకుతారు. చివరికి ఆ పిల్ల పశువుల కొట్టంలోంచి వాకరై నడిచి వస్తుంది. అంతసేపు వెతికించారు కాబట్టే అది గుండెకు తగిలింది. కామిక్స్‌లో సోఫియా బతికే ఉంటుంది, అయినా ఈ మార్పు కథకు బలమే ఇచ్చింది.

ఆరో సీజన్ దగ్గర మా తగువుల రంగు మారింది. గ్లెన్ మాకు ఇష్టుడు. పిజ్జాలు మోసిన కొరియా మూలాల కుర్రాడు. మన పిల్లలు అమెరికాలో చిన్నా చితకా పనులు చేసుకుంటున్న రోజులు, అందుకే మా పిన్నికి వాడు సొంత మేనల్లుడిలాగే. 2015లో మూడో ఎపిసోడ్‌లో వాడు చెత్తడబ్బా మీదినుంచి వాకర్ల గుంపులో పడతాడు, పేగులు పీకుతున్నట్టు చూపిస్తారు. తర్వాతి వారాల్లో మొదట పడే పేర్లలోంచి నటుడు స్టీవెన్ యూన్ పేరు కూడా తీసేశారు. ఏడో ఎపిసోడ్‌లో తేలిందేమిటంటే ఆ పేగులు వాడి మీద పడ్డ ఇంకొకడివి, వాడు డబ్బా కిందికి దూరి బతికాడు. మన టీవీ సీరియళ్ళలో చచ్చినవాడు తిరిగి రావడం కొత్తా అంటారు. కొత్త కాదు. కానీ ఇక్కడ చస్తే చచ్చినట్టే అని ఐదు సీజన్లు నమ్మించినవాళ్ళు వీళ్ళు.

ఆ నాలుగు వారాలూ మేం ఏం మాట్లాడుకున్నాం? కెమెరా ఏ పక్కనుంచి తీశారు, పేగులు ఎక్కడ మొదలయ్యాయి, ఆ నటుడు షూటింగ్ ఊళ్ళో కనిపించాడా. ఎవరు చేసింది న్యాయం అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. సీజన్ చివర మళ్ళీ అదే పని. నెగన్ అనేవాడు ముళ్ళతీగ చుట్టిన బ్యాటు ఎత్తుతాడు, దెబ్బ ఎవరికో చూపించకుండా ఆరు నెలలు ఆపేశారు. 2016 అక్టోబరు 23న చూపించారు, ఏబ్రహామ్, ఆ వెంటనే గ్లెన్.

ఆ రాత్రి హింస ఎక్కువైంది కాబట్టి జనం పారిపోయారని మాలో ఎక్కువమంది వాదన. మేం ఒప్పుకోం. కామిక్స్‌లో కూడా గ్లెన్ అలాగే చస్తాడు, చదివినవాళ్ళు కామిక్స్ వదిలిపెట్టలేదు. ఒకసారి ఉత్తుత్తి చావు చూపించి ఏడిపించినవాళ్ళు రెండోసారి నిజం చావు తెస్తే ఏడవడానికి మనసు ఒప్పదు. పిన్ని ఆ రోజు ఏడవలేదు, “ఇది కూడా అబద్ధమేనేమో చూడండర్రా” అంది. అమెరికాలో ఆ ఎపిసోడ్‌ను సుమారు 1 కోటి 70 లక్షల మంది చూశారు. కొద్ది వారాల్లోనే అందులో మూడో వంతు జారిపోయారు. ఆఖరి ఎపిసోడ్ నాటికి ఆ దేశంలో టీవీ ముందు కూర్చున్నది 20, 25 లక్షల మధ్య.

ఎనిమిదో సీజన్‌లో రిక్ కొడుకు కార్ల్‌ను చంపేయడం మాత్రం మేం క్షమించలేదు. కామిక్స్ ముగిసేది పెద్దవాడైన కార్ల్‌తోనే. ఆ పిల్లాడి కోసమే కదా తండ్రి అంత చేసింది! మా మేనల్లుడు ఇంచుమించు ఆ నటుడి ఈడువాడు. పదేళ్ళప్పుడు మా ఒళ్ళో కూర్చుని కళ్ళు మూసుకుని చూసేవాడు, కార్ల్ పోయేసరికి కాలేజీలో ఉన్నాడు. కోప్పడలేదు, గొడవ పెట్టలేదు. తర్వాతి ఆదివారం పిలిస్తే పనుందన్నాడు. మళ్ళీ రాలేదు.

నిజం చెప్పాలంటే తొమ్మిదో సీజన్ నుంచి ఏంజెలా కాంగ్ పగ్గాలు పట్టాక కథ కోలుకుంది. చచ్చినవాళ్ళ చర్మం తొడుక్కుని తిరిగే విస్పరర్ల కథ బాగుంది. ఆ మాట చెప్పుకోడానికి మేం ముగ్గురమే ఉన్నాం.

తర్వాత 2020 వచ్చింది. పదో సీజన్‌కు ఆఖరిది అనుకున్న ఎపిసోడ్ కోవిడ్ వల్ల అక్టోబరు దాకా ఆగింది. అదే ఏడాది వేసవిలో సూరత్‌నుంచి గంజాం జిల్లా కార్మికులు వేలాదిగా తిరిగొచ్చారు. బడుల్లో క్వారంటైన్. కొన్నిచోట్ల పొలిమేర దగ్గరే అడ్డుకట్టలు. మా పెదనాన్న కొడుకు అలాగే వచ్చి, సొంత ఊరి బడి వరండాలో పడుకుని, ఫోన్‌లో పాత నాలుగో సీజన్ మళ్ళీ చూశాడు. అందులో కొత్తవాళ్ళను చేర్చుకునేముందు రిక్ మూడు ప్రశ్నలడుగుతాడు, ఎన్ని వాకర్లను చంపావు, ఎంతమంది మనుషుల్ని చంపావు, ఎందుకు అని. “నన్ను అవి కూడా అడగలేదురా, గేటు వేసేశారంతే” అని మెసేజ్ పెట్టాడు. ఆ రాత్రి గ్రూపులో మేం రెండింటిదాకా కొట్టుకున్నాం. వదిలేసి నాలుగేళ్ళయినవాళ్ళు కూడా వచ్చి మాట్లాడారు, మేనల్లుడితో సహా.

ఇప్పుడు పిల్లకథలు బోలెడు వచ్చాయి. కొత్తగా చూస్తామన్నవాళ్ళకు మేం ఐదో సీజన్ దాకా చూడండి, ఆపై మీ ఓపిక అంటున్నాం. పిన్నికి మాత్రం ఫ్రాన్స్‌లో మొదలైన డారిల్ కథలోకి కరోల్ కూడా వచ్చిందని చెప్పాం. ఆవిడ మొదటి ప్రశ్న, “అక్కడైనా దాన్ని లోపలికి రానిచ్చారా?”